750 రూపాయల మ్యాగ్నెటిక్ పికప్: సిగ్నల్ భేష్, వైరు తుస్

ముందే చెప్పేస్తున్నా. జనరేటరు ఇంజను స్పీడు చూసే ఈ పికప్ కొనొచ్చు. కాకపోతే కొన్న రోజే దాని వైరు కోసేసి మంచి కేబులు అతికించుకునే ఓపిక, దానితో వచ్చిన నట్టు పక్కన పడేసి ఇంకో నట్టు తెచ్చుకునే తీరిక ఉండాలి. ఆ రెండూ లేనివాళ్ళు కంపెనీ కౌంటరుకెళ్ళి నాలుగు వేలు పెట్టి తెచ్చుకోవడమే మేలు.

నేను భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద, ఐస్ ఫ్యాక్టరీల్లో జనరేటర్లు చూస్తుంటాను. ఇంజను స్పీడు నిలకడగా ఉంచేది గవర్నరు. చిన్న సెట్లలో అది డీజిల్ పంపులోనే ఉంటుంది, బరువులూ స్ప్రింగులూ. వాటికి ఈ గొడవ లేదు. 125 కేవీఏ, ఆపైన ఎలక్ట్రానిక్ గవర్నరున్న సెట్లకు మాత్రం ఫ్లైవీల్ హౌసింగ్‌కి మరతో బిగించి వేలంత పొడుగున ఒక కడ్డీ ఉంటుంది, దాని వెనక నుంచి రెండు వైర్లు వస్తాయి. దాన్నే మ్యాగ్నెటిక్ పికప్ అంటాం, కొందరు ఎంపీయూ అంటారు. ఇంజను ఎంత స్పీడులో తిరుగుతోందో గవర్నర్ కార్డుకి చెప్పేది అదొక్కటే. అది మూగబోతే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. ఇంజను తిరుగుతున్నట్టు కార్డుకి తెలియాలి, తెలిస్తేనే యాక్చుయేటర్ డీజిల్ తెరుస్తుంది. నడుస్తుండగా సిగ్నల్ పోయినా అంతే, డీజిల్ కట్టేసి ఇంజను ఆపేస్తుంది. ఓనర్లు దీన్ని తిట్టుకుంటారు గానీ, స్పీడు తెలియని కార్డు డీజిల్ తెరిచి ఉంచితే ఇంజను పట్టు తప్పి పరిగెత్తి ముక్కలవుతుంది. ఆపేయడమే న్యాయం.

ఒక చెరువు మీద సరిగ్గా ఇదే జరిగింది. పాత పికప్ లోపల ఎక్కడో తెగింది. కౌంటరులో అడిగితే 4,200 చెప్పారు, అదీ స్టాకు లేదు, తెప్పించాలన్నారు. చెరువుగల రాజుగారు ఫోనులో ఈ 750 రూపాయలది చూపించి, "ఏవండీ మేస్త్రీగారూ, రెండూ ఒకే పని చేసేటట్టయితే మిగతా మూడు వేల చిల్లర ఎవరి జేబులోకండీ?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. రెండు తెప్పించమన్నాను. ఒకటి బిగించడానికి, ఒకటి దగ్గర ఉంచుకోవడానికి.

దానికి జవాబు కావాలంటే లోపల ఏముందో చూడాలి. తెగిపోయిన పాతదాన్ని బెంచి వైసుకి పట్టించి, హాక్సా బ్లేడుతో నిలువునా కోశాను. లోపల నల్లటి గట్టి లక్క లాంటిది పోసి ఉంది. అది గీకేస్తే వెనక వైపు చిటికెన వేలి కొస అంత అయస్కాంతం, దాని ముందు మెత్తని ఇనుముతో చేసిన ఒక పుల్ల, ఆ పుల్ల చుట్టూ చిన్న కండెకు చుట్టిన రాగి తీగ. వెంట్రుక కంటే సన్నం, ఎనామిల్ పూత. అంతే. ఇంకేం లేదు. ఐసీ లేదు, కార్డు లేదు, కదిలే భాగం లేదు. ఆ సన్న తీగని బయటి వైరుకి కలిపిన చోట టంకం విడిపోయి ఉంది. కాయిల్ మొత్తం బంగారంలా ఉంది, అతుకు దగ్గరే ప్రాణం పోయింది.

ఇది కరెంటు ఎలా పుట్టిస్తుందో నా దగ్గర పనిచేసే కుర్రాడికి చెప్పినట్టే చెప్తాను. అయస్కాంతం బలం ఆ ఇనుప పుల్ల చివర నుంచి బయటికొచ్చి, గాలిలో చుట్టు తిరిగి వెనక్కి పోతుంటుంది. గాలిలో దానికి దారి కష్టం, ఇనుములో సుళువు. ఫ్లైవీల్ అంచు చుట్టూ ఉండే పళ్ళ వలయం, అదే రింగ్ గేరు, దాని పన్ను ఎదురుగా వచ్చినప్పుడు దారి సుళువై పుల్లలోంచి పోయే బలం పెరుగుతుంది. పన్ను దాటి సందు వచ్చేసరికి తగ్గుతుంది. ఇలా పెరిగి తగ్గడమే చుట్టూ ఉన్న కాయిల్‌లో ఓల్టేజి పుట్టిస్తుంది. ఫారడే 1831లో కనిపెట్టింది ఇదే: కాయిల్లో బలం ఎంత ఉందన్నది లెక్క కాదు, ఎంత వేగంగా మారుతోందన్నదే లెక్క. పెరిగేటప్పుడు ఓల్టేజి ఒక వైపు, తగ్గేటప్పుడు రెండో వైపు. అంటే ఒక పన్ను దాటితే ఒక పూర్తి సైకిల్ ఏసీ. బ్యాటరీ ఇవ్వక్కర్లేదు, తనే పుట్టించుకుంటుంది. రెండే వైర్లు ఉండటానికి కారణం అదే.

ఇక్కడ చాలామంది మెకానిక్కులు తికమక పడే సంగతి ఒకటుంది. పన్ను సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు ఓల్టేజి ఎక్కువ ఉంటుందనుకుంటారు. కాదు, ఆ క్షణంలో సున్నా. బలం అప్పుడు పూర్తిగా ఉంటుంది గానీ, పెరగడం ఆగి తగ్గడం ఇంకా మొదలు కాలేదు. మార్పు లేదు, ఓల్టేజి లేదు. ఓల్టేజి శిఖరాలన్నీ పన్ను అంచులు దాటేటప్పుడే. కార్ల క్రాంక్ సెన్సార్లలో ఇలా సున్నా దాటే ఘడియనే పట్టుకుని టైమింగ్ లెక్క కడతారు. అందుకే అక్కడ వైర్లు తిరగేస్తే బండి మొరాయిస్తుంది. మన జనరేటరుకి స్పీడు ఒక్కటే కావాలి కాబట్టి మామూలుగా ఏ వైరు ఎటు పెట్టినా నడుస్తుంది.

మోటారుసైకిల్ మెకానిక్కులకి ఇదంతా కొత్తేం కాదు. వాళ్ళు పల్సర్ కాయిల్ అని రోజూ మార్చేది ఈ కుటుంబంలోదే. మ్యాగ్నెట్ చక్రం మీద ఉబ్బెత్తుగా ఉండే ముక్క దాటినప్పుడు స్పార్కు ఇప్పించే సీడీఐ డబ్బాకి దెబ్బ కొట్టేది అదే. చర్చిలో కుర్రాళ్ళు వాయించే ఎలక్ట్రిక్ గిటారులో ఉన్నదీ ఈ సూత్రమే, అక్కడ పన్ను బదులు ఉక్కు తీగ ఊగుతుంది. నైలాన్ తీగ వేస్తే ఆ పికప్ పలకదు.

సరే, సరుకు సంగతి. అట్టపెట్టెలో ప్లాస్టిక్ కవరు, అందులో పికప్, ఒక నట్టు. పేరు లేదు, ఊరు లేదు. మర 5/8, అంగుళానికి 18 చుట్లు. బాడీ మూడంగుళాలు. వెనక నుంచి జానెడు వైర్లు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. బిగించే ముందు మీటరు పెట్టాను, 870 ఓములు చూపించింది. ఈ అంకె కంపెనీని బట్టి మారుతుంది, రెండొందలున్నవీ ఉన్నాయి, వెయ్యి ఉన్నవీ ఉన్నాయి. తెగిందా, షార్టయిందా అన్నది తెలియడానికే ఈ పరీక్ష. బాడీకీ వైరుకీ మధ్య ఏమీ చూపించలేదు, అదీ సరే.

తర్వాత నాకిష్టమైన పరీక్ష. పాత ముల్లు మీటరుని డీసీలో బాగా చిన్న రేంజికి పెట్టి, వైర్లు కలిపి, పికప్ ముక్కు ముందు నుంచి పానా గబుక్కున దగ్గరకు తెచ్చాను. ముల్లు కుడికి ఉలిక్కిపడింది. లాగేస్తే ఎడమకి. పానా ముక్కుకి ఆనించి ఊరికే ఉంచితే సున్నా మీద నిలబడింది. పైన చెప్పిందంతా ఆ ముల్లులో కనిపిస్తుంది. అదే ఇత్తడి బుష్ తెచ్చి ఊపితే ముల్లు కదల్లేదు, అయస్కాంతం అంటుకునే లోహమే దీనికి కావాలి. రెండు పికప్పులూ దీంట్లో పాసయ్యాయి. డిజిటల్ మీటరుతో ఈ ఆట ఆడకండి, అది అంకె తేల్చుకునేలోపు దెబ్బ అయిపోతుంది.

బిగించడం గురించి కాస్త ఎక్కువే రాయాలి. ఎందుకంటే కొత్త పికప్పులు చచ్చేది ఇక్కడే, తప్పు సరుకుది కాకపోయినా కొన్నచోట ఒకటే స్టారు ఇచ్చేదీ ఇక్కడే. బ్యాటరీ టెర్మినల్ తీసేయాలి. చేత్తో ఇంజను తిప్పుతూ, రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తూ, పన్ను నెత్తి సరిగ్గా రంధ్రం నడిమధ్యకి వచ్చేదాకా ఆగాలి. కుర్రాడు ఫ్లైవీల్ తిప్పుతూ "వచ్చిందా గురూగారూ?" అని అడుగుతాడు, తొందరపడి వచ్చిందనకూడదు. సందు ఎదురుగా ఉండగా పికప్‌ని లోపలికి ఆనించి వెనక్కి తిప్పితే, లెక్క అంతా సందు అడుగు నుంచి మొదలవుతుంది. సెల్ఫ్ కొట్టిన మొదటి పన్నే ముక్కు చెక్కేస్తుంది. పన్ను నెత్తికి చేత్తో మెల్లగా ఆనించి, అక్కడి నుంచి ముప్పావు చుట్టు వెనక్కి తిప్పాలి. అంగుళానికి 18 చుట్లంటే ఒక చుట్టుకి 1.41 మిల్లీమీటర్లు, ముప్పావు చుట్టుకి దగ్గర దగ్గర 1.06. ఫిల్లర్ గేజ్ దూర్చే చోటు కాదది, మరే మనకి గేజి. తర్వాత పికప్ కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి.

బిగించాక వైర్ల మధ్య ఏసీ ఓల్టేజి చూశాను. సెల్ఫ్ మీద తిరుగుతుంటే 1.8 ఓల్టులు. మా గవర్నర్ కార్డు సెల్ఫ్ మీద కనీసం ఒక ఓల్టు అడుగుతుంది, కాబట్టి పాస్. ఇంజను 1500కి ఎక్కాక 16 చిల్లర. స్పీడు తొమ్మిది రెట్లయితే ఓల్టేజీ దాదాపు అంతే పెరిగింది. మార్పు వేగాన్ని బట్టే ఓల్టేజి అని ఫారడే అన్నది మా చెరువు గట్టు మీద కూడా నిజమే. గ్యాపుతో కూడా ఆడి చూశాను. అర చుట్టు మాత్రమే వెనక్కి తీస్తే సెల్ఫ్ మీద 2.6, చుట్టున్నర తీస్తే 0.7. ఆ 0.7కి కార్డు పలకలేదు, సెల్ఫ్ తిరుగుతూనే ఉంది, ఇంజను అందుకోలేదు. అంటే మంచి పికప్‌ని కూడా ఒక్క మిల్లీమీటరు వెనక్కి జరిపి చెడిపోయిందని తేల్చేయొచ్చు. కంపెనీదైనా ఇదే కథ.

స్పీడు లెక్కలో ఓల్టేజితో పనిలేదు, సైకిళ్ళు లెక్కపెడతారు. ఈ ఫ్లైవీల్‌కి 118 పళ్ళు. 1500 ఆర్పీఎం అంటే సెకనుకి 25 చుట్లు, 25 ఇంటూ 118, సెకనుకి 2950 సైకిళ్ళు. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఒక్కసారిగా లోడు మీద పడి ఇంజను 1490కి జారితే 2950 కాస్తా 2930 అవుతుంది. ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ మధ్య మిల్లీసెకనులో మూడో వంతు, కాబట్టి కార్డుకి ఆ జారుడు వెంటనే తెలిసిపోతుంది. ఇదే అసలు అందం. కంట్రోలరులో పళ్ళ సంఖ్య తప్పు కొడితే మాత్రం నవ్వులపాలు. 138 పళ్ళున్న ఇంజనుకి 118 అని ఉంచితే 1500లో తిరిగేదాన్ని 1754 అని చూపిస్తుంది, ఓవర్‌స్పీడ్ అని ట్రిప్ అవుతుంది. పికప్ మార్చాక ఇలా ట్రిప్ అయితే పికప్‌ని తిట్టకండి, పళ్ళు లెక్కపెట్టండి.

సిగ్నల్ విషయంలో నాకు ఫిర్యాదే లేదు. నాలుగు వేలదానితో సమానంగా ఇచ్చింది. ఇవ్వకేం చేస్తుంది, ఉన్నదల్లా అయస్కాంతం, ఇనుప పుల్ల, తీగ. వాటిలో మోసం చేయడానికి పెద్దగా చోటు లేదు. మోసమంతా చుట్టూ ఉన్నదాంట్లో.

మొదటిది వైరు. రెండు వైర్లూ విడివిడిగా, సన్నగా, పైన షీల్డు లేకుండా ఇచ్చారు. పక్కనే ఏరియేటర్ మోటార్ల కేబుళ్ళు పోతుంటే ఇవి యాంటెన్నాలే. బిగించగానే ఇంజను హంటింగ్ మొదలెట్టింది, స్పీడు నిలవకుండా ఊఁ... ఉఁ... ఊఁ అని ఊగుతూ. పికప్ దగ్గర రెండంగుళాలు మాత్రం ఉంచి వైరు కోసేసి, రెండు కోర్లూ మెలితిరిగి ఉన్న షీల్డు కేబులు టంకం పెట్టి, హీట్ ష్రింక్ స్లీవు వేశాను. షీల్డు కార్డు వైపు మాత్రమే ఎర్తు చేశాను, ఇటు చివర గాలికి వదిలేశాను. రెండు వైపులా ఎర్తు చేస్తే ఆ షీల్డులోనే కరెంటు తిరిగి రొద పెంచుతుంది. హంటింగ్ పోయింది. కేబులూ స్లీవూ కలిపి ఇంకో రెండొందల యాభై అయింది.

రెండోది నట్టు. పల్చటి రేకు నట్టు. ఫ్లైవీల్ హౌసింగ్ మీద వణుకుడు ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆ నట్టు పెట్టడు. కాస్త గట్టిగా బిగిస్తే మర జారేలా ఉంది, లూజుగా వదిలితే పికప్ తనే తిరిగి పన్ను మీదకి పోతుంది. భీమవరంలో నట్లూ బోల్టులూ అమ్మే కొట్లో మందపాటిది తెచ్చి వేశాను. మూడోది బాడీ. స్టెయిన్‌లెస్ అని రాశారు. చెరువు గట్టు ఉప్పు గాలికి వర్షాకాలం దాటేసరికి మర చుట్లలో ఎర్రగా తుప్పు మొదలైంది. మా పక్క గాలికి తుప్పు పట్టే స్టెయిన్‌లెస్ చాలానే చూశాం గానీ, ఇంత తొందరగా కాదు.

అసలు కోపం వచ్చింది మాత్రం అమ్మేచోట రాసిన ఒక్క ముక్కకి. "5/8, ఎం16 రెండింటికీ సరిపోతుంది" అని రాశారు. పచ్చి అబద్ధం. 5/8 అంటే 15.875 మిల్లీమీటర్లు, ఎం16 అంటే 16. చూపుకి ఒకటే. కానీ మర దూరం ఒకదానికి 1.41, రెండోదానికి 1.5. ఎం16 రంధ్రంలో 5/8ది రెండు మూడు చుట్లు హాయిగా వెళ్తుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ పైపు రెంచి పట్టుకుని బలం చూపిస్తే పికప్ కాదు పోయేది, హౌసింగ్ మర. 750 రూపాయల సరుకుకి హౌసింగ్ దింపించుకునే పని. పాతదాని మీద మర గేజి పెట్టి చూశాకే ఆర్డరు పెట్టండి. పొడవు కూడా చూడండి, మూడంగుళాలది కొన్ని హౌసింగులకి పన్ను దాకా అందదు.

కొనే ముందు చేయాల్సిన పని ఇంకోటి, రూపాయి ఖర్చు లేనిది. పాత పికప్ విప్పి ముక్కు చూడండి. సెల్ఫ్ మోటారు చిన్న గేరు (పినియన్) రింగ్ గేరుని కొట్టినప్పుడల్లా సన్నటి ఇనుప రజను రాలుతుంది. అయస్కాంతం కదా, అదంతా ముక్కుకి గడ్డంలా పట్టుకుంటుంది. ఆ గడ్డం పెరిగేకొద్దీ బలం పన్ను దాకా పోకుండా రజనులోంచే అడ్డదారిన వెనక్కి తిరుగుతుంది, సిగ్నల్ పడిపోతుంది. గుడ్డతో తుడిచి మళ్ళీ ముప్పావు చుట్టు లెక్కన పెడితే చాలా ఇంజన్లు అందుకుంటాయి. పికప్ పోయిందని నన్ను పిలిచిన చోట్ల ఎక్కువగా జరిగేది ఇదే.

రైస్ మిల్లువాళ్ళకి ఒక మాట. ఎలివేటరు బెల్టు జారుతోందో లేదో చూడటానికి ఇది పనికొస్తుందా అని ఒకాయన అడిగారు. పనికిరాదు. నిమిషానికి యాభై అరవై చుట్లు తిరిగే షాఫ్టు మీద నాలుగు బోల్టు తలలు చూపిస్తే ఇది పుట్టించే ఓల్టేజి ఏ మూలకీ రాదు. ఆగిపోయిన షాఫ్టూ మెల్లగా తిరిగే షాఫ్టూ దీనికి ఒకటే. అక్కడ ప్రాక్సిమిటీ స్విచ్చో, మూడు వైర్ల హాల్ సెన్సారో పెట్టుకోండి. వాటికి బయటి నుంచి కరెంటు ఇవ్వాలి గానీ, ఎంత మెల్లగా తిరిగినా ఒకే ఎత్తు సిగ్నల్ ఇస్తాయి.

రాజుగారి ప్రశ్నకి నా జవాబు: ఆ మూడు వేల చిల్లరలో కొంత పేరుకి పోతుంది, మిగతాది వైరు అతుక్కి, నట్టుకి, బాడీకి పోతుంది. పాతది చచ్చిందీ అతుకు దగ్గరే కాబట్టి అదేం చిన్న విషయం కాదు. ఆసుపత్రి సెట్టుకైతే కళ్ళు మూసుకుని కంపెనీదే వేస్తాను. చెరువు మీదైతే, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటే వేళకి కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే, కౌంటరు తెరిచేదాకా రొయ్య ఆగదు. అప్పుడు టూల్‌బాక్సులో ఉన్న 750 రూపాయలదే దేవుడు. అందుకే రెండోదానికి కూడా ముందే షీల్డు కేబులు అతికించి, మంచి నట్టు ఎక్కించి, ముక్కుకి ప్లాస్టిక్ మూత పెట్టి స్టెప్నీగా జనరేటరు కానోపీలోనే వేలాడదీశాను.

ఐదుకి మూడు స్టార్లు. ఎం16 అన్న ముక్క తీసేసి, పది రూపాయల మంచి నట్టు వేసి పంపితే నాలుగిస్తాను.